కుండీలో పుదీనా, ఇంట్లో పిల్లి

పిల్లి పుదీనా కుండీలో మూతి పెట్టి రెండాకులు కొరికిందని టెన్షన్ పడక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అంతమాత్రానికి సాధారణంగా ఏమీ కాదు. అదే పనిగా మేస్తే మాత్రం వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. అందుకే అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ పుదీనాను పిల్లులకు పడని మొక్కల్లో చేర్చింది.

ఆ జాబితా చూసి మొక్కను పీకేసేవాళ్లున్నారు. పుదీనా నూనె సీసా మాత్రం అలమరలో అలాగే ఉంటుంది. అసలు జాగ్రత్త పడాల్సింది దానితోనే. ఆకులో నూనె ఉండేది చాలా కొద్దిగా, పైనున్న సన్నటి గ్రంథుల్లో. సీసాలోనిది బోలెడంత ఆకును ఆవిరి పట్టి దించిన సారం.

పైగా పిల్లి కాలేయం వేరు. చాలా రసాయనాలకు మన కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీళ్లలో కరిగేలా చేసి బయటికి పంపేస్తుంది. పిల్లికి ఆ పని సరిగ్గా చేతకాదు. అందుకు కావలసిన జన్యువుల్లో ఒకటైన యూజీటీ1ఏ6 దానిలో ఎప్పుడో చెడిపోయింది. మాంసమే తిని బతికే జంతువుకు మొక్కల విషాలను విరిచే అవసరం అంతగా రాలేదు కాబట్టి ఆ లోపం అలాగే నిలిచిపోయిందని శాస్త్రవేత్తల ఊహ. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలిగేది కూడా ఇందువల్లే.

కాబట్టి ఈగలు, గోమార్లు పోతాయని పిల్లి ఒంటికి పుదీనా నూనె రాయొద్దు. నూనెను తుంపరలుగా చిమ్మే డిఫ్యూజర్ కూడా దాని గదిలో వద్దు. తుంపరలు బొచ్చు మీద పడతాయి, పిల్లి నాకి శుభ్రం చేసుకుంటుంది, నూనె కడుపులోకి చేరుతుంది.

విచిత్రమేమిటంటే, పిల్లులు పడి దొర్లే క్యాట్‌నిప్ అనే మొక్క కూడా పుదీనా కుటుంబానిదే. అందులోని నెపెటలాక్టోన్ దోమలను తరిమే పదార్థం.

వంటింట్లో పుదీనా కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైనవి ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు. వండినా, ఎండబెట్టినా, పొడి కొట్టినా వాటి విషం పోదు. వాటిలోని గంధకపు పదార్థాలు పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. లక్షణాలు వెంటనే కనిపించకపోవచ్చు. కొన్ని రోజులయ్యాక నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ముదురు రంగు మూత్రం బయటపడతాయి. అప్పటికి పిల్లి నాకిన గిన్నెలో ఏముందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. పశువైద్యుడు మొదట అడిగేది అదే.