హలో వరల్డ్ రాకపోతే బోర్డు పోయినట్టేనా? ఎఫ్‌పీజీఏ సాఫ్ట్‌కోర్ ప్రాసెసర్లపై అపోహలు - వాస్తవాలు

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే రాసుకోగల చిప్; అందులో ఆ సర్క్యూట్‌గానే కట్టుకునే ప్రాసెసర్ సాఫ్ట్‌కోర్. ఫిబ్రవరి వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, కడప ఈసీఈ ఫైనలియర్ పిల్లల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే. "సార్, బిట్‌స్ట్రీమ్ ఎక్కింది, హలో వరల్డ్ మాత్రం రావడం లేదు. బోర్డు కాలిపోయినట్టుంది. ఇంకోటి ఆర్డర్ పెట్టేదా?" (బిట్‌స్ట్రీమ్ అంటే చిప్‌లో సర్క్యూట్‌ను అమర్చే ఫైలు; హలో వరల్డ్ అంటే ఆ మాటలు ప్రింట్ చేసే తొలి పరీక్ష ప్రోగ్రామ్.) నలుగురు కలిసి డబ్బులేసుకుని కొన్న బోర్డు, నెత్తిమీద రివ్యూ. కంగారు పడతారు మరి. ఆర్డర్ మాత్రం పెట్టొద్దు. కింద చెప్పేదంతా ఆర్టీ ఏ7-35టీ బోర్డు, మైక్రోబ్లేజ్ (సాఫ్ట్‌కోర్), వివాడో (హార్డ్‌వేర్ డిజైన్ చేసే టూల్), వైటిస్ (సీ కోడ్ రాసే టూల్) లెక్కన. బేసిస్ 3 అనే ఇంకో బోర్డు దగ్గర తేడా ఉంటే అక్కడే చెబుతాను.

అపోహ: టెర్మినల్ (బోర్డు పంపే అక్షరాలు కంప్యూటర్లో కనిపించే విండో) ఖాళీగా ఉందంటే బోర్డు చెడింది, లేదంటే సీ కోడ్ తప్పు.

వాస్తవం: చాలాసార్లు మీ సీ కోడ్‌లో మొదటి లైను కూడా నడిచి ఉండదు. ప్రాసెసర్ రీసెట్‌లోనే (మొదలవకుండా ఆగిన స్థితిలో) కూర్చుని ఉంటుంది. ఆర్డుయినోలోనో 8051 కిట్‌లోనో క్లాక్, రీసెట్ సంగతి బోర్డు చేసినవాళ్లే చూసుకున్నారు. ఇక్కడ ఆ రెండు వైర్లూ కలిపింది మీరే, లేదా మీ తరఫున బ్లాక్ ఆటోమేషన్ (వివాడోలో బ్లాకులను తానే కలిపే సదుపాయం). అది ఏం కలిపిందో చూడకుండా మెయిన్ ఫంక్షన్‌ను ఎన్నిసార్లు తిరగరాసినా ఫలితం ఉండదు.

తప్పు జరిగే చోట్లు చూడండి. బోర్డు ఫైళ్లు (మీ బోర్డు వివరాలు వివాడోకు చెప్పేవి) ఇన్‌స్టాల్ చేయకుండా బ్లాక్ ఆటోమేషన్ నడిపితే క్లాకింగ్ విజార్డ్ (క్లాక్ తయారుచేసే బ్లాక్) డిఫరెన్షియల్ క్లాక్, అంటే రెండు వైర్ల క్లాక్, అడుగుతుంది. ఆర్టీ మీద ఉన్నది ఈ3 పిన్నుకు వచ్చే సింగిల్ ఎండెడ్, అంటే ఒకే వైరు, 100 మెగాహెర్ట్జ్ క్లాక్ (బేసిస్ 3లో డబ్ల్యూ5). దాన్ని చేత్తో మార్చాలి. తర్వాత రీసెట్. ఆర్టీ మీదున్న ఎర్ర రీసెట్ బటన్, పిన్ సీ2, యాక్టివ్ లో: వదిలేస్తే 1, నొక్కితే 0. క్లాకింగ్ విజార్డ్ రీసెట్ మాత్రం డిఫాల్టుగా యాక్టివ్ హై. ఈ రెంటినీ నేరుగా కలిపితే మీరు బటన్ ముట్టుకోనంతసేపూ విజార్డ్ రీసెట్‌లో ఉంటుంది, క్లాక్ బయటికి రాదు, ప్రాసెసర్ లేవదు. బేసిస్ 3లో తిరకాసు తలకిందులు: అక్కడ బటన్లన్నీ యాక్టివ్ హై, కాబట్టి యాక్టివ్ లో రీసెట్‌కు కలిపితే చిక్కు.

ఊహలు మానేసి మూడు ఎల్ఈడీలు పెట్టండి. పది నిమిషాల పని. విజార్డ్ నుంచి వచ్చే లాక్డ్ సిగ్నల్‌ను (క్లాక్ కుదిరితే 1) ఎల్ఈడీ పిన్ హెచ్5కి, ప్రాసెసర్ సిస్టమ్ రీసెట్ బ్లాక్‌లోని పెరిఫెరల్ ఏరీసెట్ఎన్‌ను (రీసెట్ వదిలితే 1) జే5కి కలపండి. విజార్డ్ అవుట్‌పుట్ క్లాక్ మీద 27 బిట్ల బైనరీ కౌంటర్ ఒకటి పెట్టి, స్లైస్ బ్లాక్‌తో 26వ బిట్ తీసి టీ9కి ఇవ్వండి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ఎల్ఈడీ సుమారు 1.34 సెకన్లకోసారి వెలిగి ఆరాలి. బిట్‌స్ట్రీమ్ ఎక్కించాక బోర్డు మీది డన్ ఎల్ఈడీ (బిట్‌స్ట్రీమ్ చేరిందని చెప్పేది) వెలిగిందో లేదో ముందు చూడండి. అది వెలగకపోతే సమస్య కేబుల్ దగ్గరో ప్రోగ్రామింగ్ దగ్గరో ఉన్నట్టు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుళ్లు ల్యాబుల్లో బోలెడు.

డన్ వెలిగిందా, ఇక మూడు ఎల్ఈడీల వైపు చూడండి. హెచ్5 ఆరిపోయి, టీ9 కదలకుండా ఉంటే క్లాక్ రావడం లేదు, లేదా విజార్డ్ రీసెట్‌లో ఉంది. హెచ్5 వెలిగి, టీ9 కొట్టుకుంటూ, జే5 ఒక్కటే ఆరి ఉంటే రీసెట్ బ్లాక్‌కు పొలారిటీ (యాక్టివ్ హైయా, లోనా అన్నది) తప్పు ఇచ్చారు. ఇప్పుడు రీసెట్ బటన్ నొక్కి అలాగే పట్టుకోండి. నొక్కినంతసేపు ఎల్ఈడీలు లేచి, వదలగానే చచ్చిపోతే ఇంకేం వెతకొద్దు, పొలారిటీ తలకిందులైంది. నేర్చుకునేవాళ్లకు సులువైన దారి: క్లాకింగ్ విజార్డ్‌లో రీసెట్ ఇన్‌పుట్ టిక్ తీసేయండి, బటన్‌ను ప్రాసెసర్ సిస్టమ్ రీసెట్‌కు ఒక్కదానికే ఇచ్చి, అక్కడ పొలారిటీ యాక్టివ్ లో అని పెట్టండి.

మూడూ బాగున్నా టెర్మినల్ ఖాళీయేనా? అప్పుడు సీరియల్ పోర్టు. ఆర్టీ కన్‌స్ట్రెయింట్ ఫైల్లో (ఏ సిగ్నల్ ఏ పిన్నుకో చెప్పేది) ఆర్‌ఎక్స్‌డీ అవుట్ అని డీ10, టీఎక్స్‌డీ ఇన్ అని ఏ9 కనిపిస్తాయి. ఆ పేర్లు యూఎస్‌బీ చిప్ వైపు నుంచి పెట్టినవి. ఆర్‌ఎక్స్ అని ఉంది కదా అని డీ10ను మీ యూఆర్ట్ (సీరియల్ పోర్టు బ్లాక్) ఆర్‌ఎక్స్‌కు కలపొద్దు. ఎఫ్‌పీజీఏ మాట్లాడే పిన్ డీ10, వినే పిన్ ఏ9. అనుమానం తీరకపోతే ప్రాసెసర్‌ను పక్కనపెట్టి, ఏ9ను డీ10కి నేరుగా కలిపే ఒక్క లైను వెరిలాగ్ రాసి ఎక్కించండి. టెర్మినల్‌లో లోకల్ ఎకో ఆపేసి టైపు చేసిన అక్షరం తిరిగి కనిపిస్తే కేబుల్, పోర్టు, పిన్నులు మూడూ మంచివే. బాడ్ రేటు (సీరియల్ వేగం) ఎంతున్నా ఈ పరీక్ష పనిచేస్తుంది. లినక్స్‌లో సాధారణంగా టీటీవై యూఎస్‌బీ1 పోర్టు తెరవాలి, యూజర్ డయలౌట్ గ్రూపులో ఉండాలి.

ఇక బాడ్ రేటు. వివాడో ఇచ్చే యూఆర్ట్ బ్లాక్ ఏఎక్స్ఐ యూఆర్ట్‌లైట్. దాని బాడ్ రేటు సింథసిస్ (డిజైన్‌ను సర్క్యూట్‌గా మార్చే దశ) సమయంలోనే గట్టిపడిపోతుంది, డిఫాల్ట్ 9600. సీ కోడ్‌లో 115200 అని రాసినంత మాత్రాన మారదు. బ్లాక్ తెరిచి మార్చి, బిట్‌స్ట్రీమ్ మళ్ళీ చేయాల్సిందే. చెత్త అక్షరాలు వస్తుంటే టెర్మినల్ బాడ్ రేటు కలవలేదు, లేదా క్లాక్ లెక్క తప్పింది. టూల్‌కు 100 మెగాహెర్ట్జ్ అని చెప్పి, 50 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న చవక బోర్డు మీద క్లాక్ నేరుగా వాడితే 9600 కాస్తా 4800 అవుతుంది. మధ్యలో విజార్డ్ ఉంటే అసలు లాక్ కాకపోవచ్చు కూడా.

ఇవన్నీ దాటాకే సీ కోడ్ మీద అనుమానపడండి. అప్పటికి చాలామందికి హలో వరల్డ్ వచ్చేసి ఉంటుంది.

అపోహ: తప్పు బిట్‌స్ట్రీమ్ ఎక్కితే, మధ్యలో కరెంటు పోతే చిప్ పాడవుతుంది.

బిట్‌స్ట్రీమ్ చేరేది చిప్ లోపలి ఎస్‌ర్యామ్‌లోకి. పవర్ తీసి పెడితే తుడిచిపెట్టుకుపోతుంది. కరెంటు పోయిందని భయం వద్దు, వచ్చాక మళ్ళీ ఎక్కించండి. చిప్‌ను నిజంగా చంపేది 5 వోల్ట్‌లు. హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో పిన్ 5 వోల్ట్‌లు ఇస్తుంది, ఎఫ్‌పీజీఏ పిన్నులు 3.3 దాటి తట్టుకోవు. ఎకో వైరులో 1 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండుకు 2 కిలో ఓమ్ పెడితే 3.33 వోల్ట్‌లకు దిగుతుంది. పాత 8051 కిట్ల నుంచి వైర్లు లాగే ముందు మల్టీమీటర్‌తో కొలవండి.

అపోహ: సీ కోడ్‌లో ఒక్క లైను మార్చినా బిట్‌స్ట్రీమ్ మళ్ళీ చేయాలి.

అక్కర్లేదు. ల్యాబు సిస్టమ్‌లో అరగంట సింథసిస్, ఇంప్లిమెంటేషన్ చూస్తూ కూర్చునేవాళ్లని చూస్తే జాలేస్తుంది. వైటిస్ ఈఎల్ఎఫ్ ఫైలును (కంపైల్ అయిన మీ సీ ప్రోగ్రామ్) జేట్యాగ్ (డీబగ్ లైను) ద్వారా నేరుగా బ్లాక్ ర్యామ్‌లోకి, అంటే చిప్ లోపలి మెమరీలోకి, దించుతుంది, సెకన్ల పని. బోర్డు తనంతట తానే నడవాలంటే ఆ ఈఎల్ఎఫ్‌ను అప్‌డేట్‌మెమ్ అనే టూల్‌తో బిట్ ఫైల్లో కలిపి, ఫ్లాష్‌లో రాసి, మోడ్ జంపర్ పెట్టాలి. బిట్‌స్ట్రీమ్ మళ్ళీ కావాల్సింది హార్డ్‌వేర్ మారినప్పుడే. అప్పుడు మరిచిపోయేది ఇంకోటి ఉంది: కొత్త జీపీఐఓ (పిన్నులు నడిపే బ్లాక్) చేర్చాక ఎక్స్ఎస్ఏ ఫైలు (హార్డ్‌వేర్ వివరాలు వైటిస్‌కు చెప్పేది) మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి వైటిస్ ప్లాట్‌ఫామ్‌ను అప్‌డేట్ చేయాలి. చేయకపోతే ఎక్స్‌పారామీటర్స్ ఫైల్లో పాత అడ్రసులే ఉంటాయి, మీ కోడ్ లేని చోటికి రాస్తుంది.

అపోహ: మెమరీ చాలడం లేదు, పెద్ద బోర్డు కొనాలి.

లింకర్ "ఓవర్‌ఫ్లో" అనగానే వాట్సాప్ గ్రూపులో ఎవరో జింక్ అనే పెద్ద బోర్డు కొనమంటారు. వినకండి. మీరు మైక్రోబ్లేజ్ లోకల్ మెమరీ (బ్లాక్ ర్యామ్‌తో చేసేది) 8 కేబీ దగ్గర వదిలేసి, ప్రింట్ఎఫ్ వాడారు, అంతే. 64 కేబీ పెట్టుకోండి. 35టీలో ఉన్న 50 బ్లాక్ ర్యామ్‌లలో 16 వాడుతుంది. ప్రింట్ఎఫ్ బదులు ఎక్స్ఐఎల్ ప్రింట్ఎఫ్ వాడండి. దానికి ఫ్లోట్ రాదు, ఉష్ణోగ్రత లాంటివి పూర్ణాంకాన్నీ దశాంశాన్నీ విడదీసి ప్రింట్ చేయాలి. బోర్డు మీది డీడీఆర్3 (చిప్ బయటి మెమరీ) జోలికి మొదటి నెలలో వెళ్ళొద్దు.

అపోహ: లైసెన్సు కొనాలి.

వద్దు. మైక్రోబ్లేజ్, 35టీ రెండూ వివాడో స్టాండర్డ్ ఎడిషన్‌లో ఉచితం. ఓపెన్ సోర్స్ కావాలంటే పీకోఆర్‌వీ32 అనే సాఫ్ట్‌కోర్ ఉంది: 35టీ లాంటి 7 సిరీస్ చిప్‌లలో 750 నుంచి 2000 ఎల్‌యూటీలలో (చిప్‌లోని చిన్న లాజిక్ ముక్కలు) సరిపోతుంది, 35టీలో ఉన్నవి 20,800. మన దేశపు కోర్ మీదే చేయాలనుకుంటే ఐఐటీ మద్రాస్ శక్తి, సీ-డాక్ వేగా రెండూ ఆర్టీ ఏ7 మీద నడుస్తాయి. పాత నోట్సు చూసి ఇంటెల్ సాఫ్ట్‌కోర్ నయాస్ 2తో కొత్తగా మొదలెట్టకండి. దాన్ని నిలిపేస్తున్నట్టు ఇంటెల్ 2023లోనే ప్రకటించింది.

అపోహ: ఎఫ్‌పీజీఏలో ప్రాసెసర్ పెడితే కోడ్ వేగంగా నడుస్తుంది.

100 మెగాహెర్ట్జ్ మైక్రోబ్లేజ్ కన్నా 240 మెగాహెర్ట్జ్ ఈఎస్‌పీ32 చవక, వేగం కూడా. సాఫ్ట్‌కోర్ పెట్టేది పక్కన మీ సొంత హార్డ్‌వేర్ బ్లాక్ తగిలించడానికి. అది లేకుండా ఎల్ఈడీ వెలిగించి ప్రాజెక్టు అంటే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న "దీనికి ఎఫ్‌పీజీఏ ఎందుకు?" అనే.

చివరగా ఒక చిన్న సంగతి, తెలియక రోజులు పోగొట్టుకుంటారు: విండోస్‌లో ప్రాజెక్టును డెస్క్‌టాప్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో, "ఫైనల్ ప్రాజెక్ట్ న్యూ 2" లాంటి ఖాళీలున్న ఫోల్డర్‌లోనో పెట్టొద్దు. పాత్ 260 అక్షరాలు దాటినా, మధ్యలో ఖాళీ ఉన్నా వివాడో సంబంధం లేని ఎర్రర్లు చూపిస్తుంది. సీ డ్రైవ్‌లో రెండక్షరాల ఫోల్డర్ చేసి అందులో మొదలెట్టండి.