ముక్కులో ‘కండ’ పెరిగిందంటే: అపోహలు - వాస్తవాలు

“డాక్టర్ గారూ, ముక్కులో కండ పెరిగిందట.” మా ఈఎన్‌టీ ఓపీలో రోజూ వినే మాట ఇది. ఆ కండ చాలాసార్లు అలర్జీ పాలిపో (నీరు పట్టిన మెత్తటి ఉబ్బు), ఉబ్బిన టర్బినేటో (ముక్కు లోపలి పక్క గోడ మీది మడత) అవుతుంది. అప్పుడప్పుడు మాత్రం నిజంగానే గడ్డ ఉంటుంది. క్యాన్సర్ కాని అలాంటి గడ్డల మీద జనంలో ఉన్న నమ్మకాలు కొన్ని చెబుతాను.

అపోహ: దిబ్బడే కదా, స్ప్రే కొట్టుకుంటే పోతుంది.

రెండు వైపులా ఉంటే ఎక్కువగా అలర్జీయే. ఒకే వైపు నెలల తరబడి మూసుకుపోయి, చీమిడిలో రక్తపు చార కనిపిస్తుంటే మాత్రం ఎండోస్కోప్‌తో (సన్నని కెమెరా గొట్టంతో) లోపల చూడాల్సిందే. నడివయసు దాటినవారిలో అది ఇన్వర్టెడ్ పాపిలోమా అనే క్యాన్సర్ కాని గడ్డ కావచ్చు. పైకి మామూలు పాలిప్‌లాగే ఉంటుంది. ఒకాయన రెండుసార్లు ‘పాలిప్’ తీయించుకుని మూడోసారి మా దగ్గరికి వచ్చారు. ఆ రెండుసార్లూ తీసిన ముక్క ల్యాబ్‌కి వెళ్లనే లేదు.

అపోహ: క్యాన్సర్ కాదన్నారు, ఇక వదిలేయొచ్చు.

ఫ్రంటల్ సైనస్‌లో (నుదుటి ఎముకలోని గాలి గదిలో) చిన్న ఆస్టియోమా, అంటే ఎముక గడ్డ, వేరే పని మీద తీసిన సీటీ స్కాన్‌లో బయటపడిందనుకోండి. ఇబ్బంది పెట్టకపోతే గమనిస్తూ ఉంటే చాలు. ఇన్వర్టెడ్ పాపిలోమా అలా కాదు. పక్క ఎముకను మెల్లగా అరగదీస్తుంది, నూటికి సుమారు 5 నుంచి 10 మందిలో క్యాన్సర్‌తో ముడిపడుతుంది.

అపోహ: కుర్రాడికి వేడి చేసి ముక్కులోంచి రక్తం కారుతోంది.

చాలామంది పిల్లల్లో అది ముక్కు ముందు భాగంలోని చిన్న నాళాల నుంచి వచ్చేదే, భయం లేదు. కానీ టీనేజ్ మగపిల్లాడికి ఒక వైపు దిబ్బడ ఉండి, మాటిమాటికీ ధారగా రక్తం వస్తుంటే మజ్జిగ తాగించి ఊరుకోకండి. ముక్కు వెనక పుట్టే ఆంజియోఫైబ్రోమా అనే రక్తనాళాల గడ్డ ఇలాగే మొదలవుతుంది. ల్యాబ్ పరీక్ష గురించి ఇందాక అన్నాను కదా, దీనికి మాత్రం ఓపీలో ముక్క తీయబోతే రక్తం ఆపడమే కష్టం. స్కాన్‌తోనే గుర్తిస్తాం. సాధారణంగా ఆపరేషన్‌కి ఒకటి రెండు రోజుల ముందు దానికి రక్తమిచ్చే నాళాలను లోపలి నుంచే మూయిస్తాం.

అపోహ: ఎండోస్కోపీలో పైపైన తీస్తారు, ముఖం కోసి తీస్తేనే మళ్లీ రాదు.

పాకంతా అల్లుకున్న ఆనపతీగకైనా మొదలు ఒక్కచోటే ఉంటుంది. పాపిలోమా కూడా ముక్కంతా నిండినా, తరచుగా ఒక చిన్న జాగాలోనే అంటుకుని ఉంటుంది. పైన ఎంత తీశామన్నది కాదు, ఆ మొదలు కింద ఎముకను డ్రిల్‌తో చెక్కామా లేదా అన్నది ముఖ్యం. (“లేజర్‌తో కాల్చేయండి” అనేవారికీ ఇదే జవాబు.) 4 మిల్లీమీటర్ల ఎండోస్కోప్‌లో 70 డిగ్రీల వాలు చూపు ఉన్నది వాడితే మూల తిరిగి కూడా కనిపిస్తుంది. పూర్వం కంటి మూల నుంచి ముక్కు పక్కగా కోసి చేసిన పని ఇప్పుడు చాలావరకు ముక్కు రంధ్రంలోంచే అవుతోంది. గడ్డ ఫ్రంటల్ సైనస్‌లో బాగా పక్కకు పాకితే మాత్రం ఇప్పటికీ బయట కోత అవసరం పడొచ్చు.

అపోహ: ఆపరేషన్ చేస్తే కళ్లు పోతాయి.

కంటికీ సైనస్‌కీ మధ్య గోడ కాగితమంత పలచన, కాబట్టి భయం ఊరికే పుట్టలేదు. అలాంటి నష్టం అరుదు. అయినా రిస్కే లేదనే డాక్టర్‌ని నేనైతే నమ్మను. సీటీ ముందు పెట్టుకుని ఆ గోడ ఎక్కడ అరిగిందో చూపించమని అడగండి.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు పక్కులు కడతాయి, ఉప్పునీటితో ముక్కు కడగాలి. పాపిలోమా అయితే కనీసం ఐదేళ్లు చెకప్‌కి రమ్మంటాను. ఊపిరి బాగా ఆడుతోంది కదా అని రెండో ఏడాదికే మానేసేవాళ్లే ఎక్కువ. మళ్లీ మొలిచే గడ్డ చిన్నగా ఉన్నప్పుడు ఊపిరికి అడ్డురాదు, స్కోప్‌లోనే కనిపిస్తుంది.