క్వాంటమ్ కీ తగవు: 2010లో ఏం జరిగింది?

క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే బ్యాంకుల, రక్షణ శాఖల రహస్యాలకు దిక్కేమిటన్న ప్రశ్న మళ్ళీ రాజుకుంది. అమరావతి క్వాంటమ్ వ్యాలీ ప్రకటన తర్వాత మన దగ్గరా వినిపిస్తోంది. ఫోటాన్లు అనే కాంతి కణాల ద్వారా రహస్య కీ (సందేశానికి తాళం వేసి తీసే సంకేతం) పంచుకునే క్యూకేడీ (క్వాంటమ్ కీ డిస్ట్రిబ్యూషన్) మీద డబ్బు పెట్టాలని ఒక వర్గం అంటోంది. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లోనే కొత్త గణితం వాడే పోస్ట్ క్వాంటమ్ పద్ధతులు చాలని రెండో వర్గం వాదన. 1984లో శాస్త్రవేత్తలు బెన్నెట్, బ్రసార్ క్యూకేడీకి వేసిన పునాది గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఈ తగవు అర్థం కావాలంటే 2010 దగ్గర ఆగాలి.

అప్పటిదాకా క్యూకేడీ అమ్మేవాళ్ళది ఒకటే మాట: దారిలో ఎవరైనా ఫోటాన్‌ను ముట్టుకుంటే తప్పులు పెరుగుతాయి, దొంగ దొరికిపోతాడు. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో పరిశోధకులు లార్స్ లిడర్సన్, వాడిమ్ మకరోవ్, జర్మనీ సహచరులు ఆ సిద్ధాంతం జోలికే పోలేదు. ఐడీ క్వాంటీక్, మ్యాజిక్ టెక్నాలజీస్ కంపెనీలు అమ్ముతున్న యంత్రాల్లోని డిటెక్టర్ల మీద పడ్డారు.

ఒక్క ఫోటాన్ తగిలినా పలకడం ఆ డిటెక్టర్ల పని. వాటి మీదకు ఎడతెగకుండా గట్టి వెలుగు పంపితే ఆ సున్నితత్వం పోతుంది, వెలుగు ఒక హద్దు దాటితేనే స్పందిస్తాయి. దొంగ వచ్చిన ఫోటాన్‌ను తానే కొలిచి, ఆ ఫలితానికి సరిపడే బలమైన పల్స్ ముందుకు పంపుతాడు. అవతలివాడు అదే బేసిస్‌లో (కొలిచే తీరులో) కొలిస్తే డిటెక్టర్ పలుకుతుంది. వేరే బేసిస్ ఎంచుకుంటే పల్స్ రెండుగా చీలి హద్దు చేరదు, తప్పు నమోదు కాదు. కీ మొత్తం దొంగ చేతిలో ఉంటుంది, అలారం మోగదు. ఇది నేచర్ ఫోటోనిక్స్ అనే శాస్త్ర పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాది సింగపూర్‌లో నడుస్తున్న లింక్ మీద ఇలాంటి దాడినే మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించారు.

డిటెక్టర్‌ను సరిగా వాడితే ఈ దాడి సాగదని తోషిబా పరిశోధకులు జవాబిచ్చారు. 2012లో టొరంటోలోని హోయ్-క్వాంగ్ లో బృందం, డిటెక్టర్లు శత్రువు చేతిలో ఉన్నా ఇబ్బంది లేని పద్ధతి ప్రతిపాదించింది. మంచి పనే. కానీ అప్పటి నుంచి ప్రశ్న మారిపోయింది: భౌతికశాస్త్రం సరే, పెట్టెను ఎవరు పరీక్షించారు?

అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2020లో, జాతీయ భద్రతా వ్యవస్థలకు క్యూకేడీని సిఫార్సు చేయబోమని చెప్పినప్పుడు వినిపించింది ఇదే. అవతలివాడు ఎవరో క్యూకేడీ తనంతట తాను తేల్చలేదు, ప్రత్యేక పరికరాలు కావాలి, కీని ముందుకు అందించే, నమ్మి తీరాల్సిన రిలే కేంద్రాలు మధ్యలో కావాలి, అసలు భద్రతను నిర్ధారించడమే కష్టం అని కారణాలు చెప్పింది. 2024 జనవరిలో ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ భద్రతా సంస్థలు కలిసి ముందు పోస్ట్ క్వాంటమ్ వైపే వెళ్ళాలన్నాయి. ఆ ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పోస్ట్ క్వాంటమ్ పద్ధతులకు మూడు ప్రమాణాలు విడుదల చేసింది.

గణితం కూడా బోల్తా పడొచ్చని క్యూకేడీ వర్గం గుర్తుచేస్తుంది. నిస్ట్ పరిశీలనలో ఉన్న సైక్ అనే పోస్ట్ క్వాంటమ్ పద్ధతిని 2022లో మామూలు కంప్యూటర్‌పై గంటలో బద్దలు కొట్టారు. నిజమే. కాకపోతే అది పరీక్ష దశలో, అందరి కళ్ళ ముందు పడిపోయింది. 2010 నాటి యంత్రాలు అప్పటికే మార్కెట్లో అమ్ముడవుతున్నాయి.

మన దేశంలో డీఆర్‌డీవో 2020 డిసెంబరులో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ల్యాబ్‌ల మధ్య క్యూకేడీని ప్రయోగించింది. 2022లో ఐఐటీ ఢిల్లీతో కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లు దాటించింది. 2023లో కేంద్రం ఆమోదించిన రూ.6,003.65 కోట్ల నేషనల్ క్వాంటమ్ మిషన్ లక్ష్యం నగరాల మధ్య 2,000 కిలోమీటర్ల క్యూకేడీ. ఇంచుమించు అంతే పొడవున్న చైనా బీజింగ్–షాంఘై లైన్‌లో 32 నోడ్‌లు (కీ అందుకునే, పంపే కేంద్రాలు) పెట్టాల్సి వచ్చింది. మధ్య నోడ్‌లలో కీ మామూలు కంప్యూటర్‌లోకి దిగుతుంది కాబట్టి ఆ గదుల కాపలా, అక్కడి సిబ్బందిపై నిఘా కూడా ఖర్చు లెక్కలో చేరతాయి.