విరేచనాలు తగ్గాక మోకాలు వాచిందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కీళ్ళ జబ్బులు చూసే డాక్టర్‌ని. విరేచనాలు, జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకి ఉన్నట్టుండి మోకాలు వాచి, మడమ నేలకి ఆనించలేక, కళ్ళు ఎర్రబడి వచ్చే కుర్రాళ్ళని చూస్తూనే ఉంటాను. ఎక్కడో దెబ్బ తగిలుంటుందని ఇంట్లోవాళ్ళు ముందు పుత్తూరు కట్టు కట్టించి తీసుకొస్తారు. విరిగిన ఎముక సంగతి వేరు, ఇక్కడ విరిగింది ఏమీ లేదు.

అపోహ: కడుపు జబ్బుకీ కీళ్ళకీ సంబంధం లేదు.
ఉంది. సాల్మొనెల్లా, షిగెల్లా, యెర్సీనియా లాంటి బాక్టీరియా పేగుల్లో చేరినవాళ్ళలో కొందరికి 1 నుంచి 4 వారాల్లో కీళ్ళు వాస్తాయి. దీన్ని రియాక్టివ్ ఆర్థ్రైటిస్ అంటాం. మూత్రనాళంలో చేరే క్లమీడియాతోనూ వస్తుంది, కాబట్టి మూత్రంలో మంట ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి.

అపోహ: నీరు చేరిందంటే కీలులో బతికున్న సూక్ష్మజీవులు ఉన్నట్టే.
ఈ జబ్బులో ఆ నీటిని కల్చర్‌కి (ల్యాబ్‌లో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష) పంపితే మామూలుగా ఏమీ పెరగదు. కానీ 1989లో ఫిన్లాండ్ పరిశోధకులు యెర్సీనియా సోకాక కీళ్ళు వాచినవాళ్ళ కీలు నీటి కణాల్లో ఆ బాక్టీరియా తాలూకు పదార్థాలు ఉన్నాయని చూపించారు. బాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలీశాకరైడ్‌ని మన తెల్లకణాలు గుర్తుపట్టగానే టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు విడుదల చేస్తాయి, వాపూ నొప్పీ వాటివల్లే. బతికున్న బాక్టీరియా అక్కర్లేదు, ఎలుకలకి స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా కణగోడ ముక్కలు మాత్రమే ఎక్కించినా కీళ్ళు వాచాయి! హెచ్ఎల్ఏ-బి27 జన్యువు ఉన్నవాళ్ళలో ఈ జబ్బు గట్టిగా పట్టుకుంటుంది.

అపోహ: ఇంకో కోర్సు యాంటీబయాటిక్ వేస్తే వాపు దిగిపోతుంది.
క్లమీడియా ఉంటే దానికి తప్పక వాడాలి. పేగుల జబ్బు తర్వాత వచ్చిన కీళ్ళ వాపుకి మాత్రం యాంటీబయాటిక్‌తో పెద్దగా ఫలితం ఉండదు. నాప్రోక్సెన్ లాంటి వాపు మందులు, అవసరమైతే కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్, నెలల తరబడి సాగితే సల్ఫాసలజీన్ ఇస్తాం. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

అపోహ: ఒకసారి నీరు తీయిస్తే మళ్ళీ మళ్ళీ ఊరుతుంది.
ఊరేది లోపలి వాపు వల్ల, సూది వల్ల కాదు. మంచి కీలు నీరు లేత పసుపుగా తీగలా సాగుతుంది, ట్యూబు వెనక న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవొచ్చు. వాచిన కీలు నీరు పల్చబడి మసకగా ఉంటుంది, అక్షరాలు కనపడవు. అయితే నిజంగా చీము పట్టిన కీలు నీరు కూడా మసకగానే ఉంటుంది కాబట్టి, కణాల లెక్కా కల్చరూ లేకుండా ఎవరూ తేల్చి చెప్పలేరు. దయచేసి నీరు తీయడానికి భయపడకండి.

చలిజ్వరంతో ఒకే కీలు కాలిపోతూ, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి రండి. చీము అయితే కొద్దిరోజుల్లోనే మృదులాస్థిని (కీలులో ఎముకల చివర ఉండే నున్నటి పొర) తినేస్తుంది. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుని మాత్రం రావద్దు, కల్చర్‌లో దొరకాల్సింది దొరక్కుండా పోతుంది.