పెంచితే ముందు తగ్గుతుంది

అనంతపురంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే ఒక అమ్మాయి అడిగింది: "బూస్ట్ కన్వర్టర్ కిట్ మీద డ్యూటీ కాస్త పెంచితే ఔట్‌పుట్ వోల్టేజి పెరగాలి కదా సార్. స్కోపులో చూస్తే ముందు కిందికి దిగి, ఆ తర్వాత పైకెక్కింది. కిట్ పాడైందని ఇంకోటి ఇచ్చారు. అదీ అంతే చేసింది." బూస్ట్ కన్వర్టర్ అంటే తక్కువ డీసీ వోల్టేజిని ఎక్కువ చేసే సర్క్యూట్. స్కోపు అంటే వోల్టేజిని గీతగా చూపే పరికరం. డ్యూటీ సంగతి కాసేపట్లో చెబుతాను.

కొత్త ఇన్వర్టరు పెట్టెకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టడం మనవైపు మామూలే. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ కళ్లెదుట కనబడుతున్న గీతను నమ్మకుండా "కిట్ పాడైంది" అనడానికీ, దిష్టి తగిలిందనడానికీ నాకు పెద్ద తేడా తోచదు. ఆ రెండు కిట్లూ నిక్షేపంగా ఉన్నాయి. బూస్ట్ కన్వర్టర్ గుణమే అది.

కపిల తోలడం చూసినవాళ్లు సీమలో ఇంకా ఉన్నారు. ఎద్దులు వాలు దిగుతూ మోకు లాగితే తోలు బాన బావిలోంచి పైకొచ్చి తొట్టిలో నీళ్లు కుమ్మరిస్తుంది. తొట్టిలోంచి కాలువ మడికి పారుతుంది. ఇండక్టర్ ఆ బాన, కెపాసిటర్ తొట్టి, లోడు మడి. స్విచ్ మూసి ఉన్నంతసేపు బాన నిండుతుంది, తొట్టిలో చుక్క పడదు. స్విచ్ తెరిస్తే కుమ్మరింపు. ఒక విడతకు పట్టే కాలం మాత్రం మారదు. అది కన్వర్టర్ కట్టుబాటు. డ్యూటీ అంటే ఆ విడతలో నింపడానికి ఇచ్చిన వాటా.

ఇప్పుడు నీళ్లు ఎక్కువ కావాలని నింపే వేళ పెంచారనుకోండి. కుమ్మరించే వేళ ఆ మేరకు తగ్గిపోయింది. బాన మాత్రం ఒక్క విడతలో బరువెక్కదు, ఇండక్టర్‌లో కరెంటు దూకే రకం కాదు. అందుకే మొదటి కొన్ని విడతల్లో తొట్టికి చేరేది తగ్గి మట్టం దిగుతుంది. విడతవిడతకూ బానలో మిగులు చేరి బరువయ్యాక, ఆ కొద్ది వేళలోనే మునుపటికంటే ఎక్కువ పడుతుంది. అప్పుడు మట్టం ఎక్కుతుంది. స్కోపు మీద కనబడిన గుంట ఇదే. పాఠ్యపుస్తకాలు దీన్ని రైట్ హాఫ్ ప్లేన్ జీరో అని ఒక్క ముక్కలో తేల్చి, సూత్రం రాసి, తర్వాతి అధ్యాయానికి పోతాయి. మార్కులు వస్తాయి గానీ తొట్టి కనబడదు.

ఆ సూత్రంలోనే అసలు చిక్కుంది. ఆ జీరో ఉండే పౌనఃపున్యం లోడు నిరోధాన్ని, ఒకటిలోంచి డ్యూటీ తీసేసినదాని వర్గంతో గుణించి, 2π రెట్ల ఇండక్టెన్స్‌తో భాగిస్తే వస్తుంది. 1 మిల్లీహెన్రీ ఇండక్టర్, 50 ఓముల లోడు, 24 వోల్టులను 48 చేయడానికి 0.5 డ్యూటీ అనుకోండి: సుమారు 2000 హెర్ట్జ్. లోడు పెరిగి నిరోధం 10 ఓములకు దిగితే 400. దానికి తోడు ఇన్‌పుట్ 12 వోల్టులకు పడి డ్యూటీ 0.75 అయితే 100. పెట్టె అదే, తీగలు అవే, ఇరవై రెట్ల తేడా! ఔట్‌పుట్ చూస్తూ డ్యూటీ సవరించే కంట్రోలరు స్పందించే వేగం ఈ జీరోకు మూడో వంతో, ఐదో వంతో దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. దాటితే గుంటను చూసి ఇంకా డ్యూటీ పెంచుతుంది, గుంట ఇంకా లోతవుతుంది, చివరికి ఊగులాట మొదలవుతుంది. మార్పులేని గెయిన్లు (తేడా కనబడితే ఎంత గట్టిగా సవరించాలో చెప్పే అంకెలు) పెట్టేవాడు అన్నిటికంటే చెడ్డ పరిస్థితికి, అంటే 100 హెర్ట్జ్‌కు, లెక్క కట్టుకోవాలి. 2000 ఉన్నప్పుడు కూడా కన్వర్టర్ నత్తనడకే.

అందుకే అడాప్టివ్ కంట్రోల్. లోడెంతో, ఇన్‌పుట్ ఎంతో నడుస్తుండగానే అంచనా కట్టి గెయిన్లు సవరించుకునే పద్ధతి. ఆలోచన 1950లలో విమానాల కోసం పుట్టింది. 1973లో స్వీడన్ పరిశోధకులు ఆస్ట్రోమ్, విటెన్‌మార్క్ తమంతట తాము ట్యూన్ చేసుకునే రెగ్యులేటర్లకు సిద్ధాంతం ఇచ్చారు. దీని మీద వ్యాసాలు కుప్పలుగా వస్తున్నాయి. చాలావాటిలో కంప్యూటర్ సిమ్యులేషన్ అద్దంలా ఉంటుంది, బోర్డు మీద పెట్టినప్పుడు ఏమైందో మాత్రం ఉండదు.

బూస్ట్ కన్వర్టర్ మొదట చెప్పే జవాబు తలకిందులు కదా. తొందరగా నేర్చుకునే కంట్రోలరు ఆ మొదటి జవాబునే పాఠంగా తీసుకుంటుంది: "పెంచితే తగ్గుతుంది" అని. అందుకని అనుభవజ్ఞులు ముందు చేసే పని తొట్టి మట్టం వదిలి బాన బరువు చూడటం. డ్యూటీ పెంచితే ఇండక్టర్ కరెంటు మొదటి క్షణం నుంచే పెరుగుతుంది, అక్కడ తిరకాసు లేదు. లోపల కరెంటును పట్టుకునే వేగమైన లూపు (కొలిచి, సరిచూసి, సవరించే చక్రం), దాని వెలుపల వోల్టేజిని చూసే నెమ్మది లూపు. వోల్టేజి లూపులో ఆ జీరో ఇంకా ఉంటుంది, కాబట్టి నేర్చుకోవడమంతా అక్కడే, తొందర లేకుండా జరగాలి.

రెండో ప్రమాదం మరీ విచిత్రం. అంచనా కట్టే అల్గారిథమ్ పాత కొలతలను కొద్దికొద్దిగా మరిచిపోవాలి, లేకపోతే లోడు మారిన సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. మరపు గుణకం 0.98 అంటే దాదాపు ఆఖరి 50 కొలతలే దాని జ్ఞాపకం. కన్వర్టర్‌కు ఇన్‌పుట్ సోలార్ ప్యానెల్ అనుకోండి. ఎండ నిలకడగా, లోడు కదలకుండా గంటలు గడిస్తే కొత్తగా తెలిసేది సున్నా, మరిచిపోవడం మాత్రం ఆగదు. లోపల అనిశ్చితి లెక్క ఉబ్బుతూ పోతుంది. అప్పుడు చిన్న కుదుపు వచ్చినా అంచనా ఎక్కడికో ఎగిరిపోతుంది. మన వేసవి మధ్యాహ్నం లాంటి ప్రశాంతతే దానికి శత్రువన్నమాట! మందు రెండు రకాలు: కొత్త సమాచారం లేనప్పుడు నేర్చుకోవడం ఆపేయాలి, లేదా కావాలనే సన్నగా కదుపుతూ ఉండాలి.

ఆ కదపడమే వృత్తిగా పెట్టుకున్నది సోలార్ ప్యానెల్ నుంచి గరిష్ఠ పవర్ పిండే అల్గారిథమ్. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల ప్రాంతంలోని 1000 మెగావాట్ల పార్కు ఇన్వర్టర్లకైనా, పొలంలో బోరు మోటరు డ్రైవుకైనా ఆ పని తప్పదు. వోల్టేజి కొద్దిగా జరిపి, పవర్ పెరిగితే అదే దారి, తగ్గితే వెనక్కి. శిఖరానికి దూరంగా ఉంటే పెద్ద అడుగు, దగ్గరైతే చిన్నది. అడుగు కొలత మార్చుకోవడమే ఇక్కడి అడాప్టివ్ గుణం. ఇక్కడ మోసం చేసేది బాన కాదు, మబ్బు. అడుగు తప్పుదారిలో వేసిన క్షణానే మబ్బు తొలగితే పవర్ పెరుగుతుంది, ఆ పెంపు తన ఘనతే అనుకుని అల్గారిథమ్ తప్పుదారినే ఇంకో అడుగు వేస్తుంది.

దీనికి నాకు భలే నచ్చిన ఉపాయం ఒకటుంది. రెండు అడుగుల మధ్య ఒకసారి ఏమీ కదపకుండా పవర్ కొలుస్తారు. ఆ వ్యవధిలో వచ్చిన మార్పంతా ఎండది. అడుగు వేసిన వ్యవధిలో వచ్చిన మార్పులోంచి దాన్ని తీసేస్తే మిగిలింది అడుగుది. ఎండ ఆ కాసేపూ ఒకే తీరున మారుతోందని నమ్మాలి, ప్రతి అడుగుకూ ఒక కొలత అదనం, కన్వర్టర్ కుదుటపడేదాకా ఆగి మరీ కొలవాలి.