అయస్కాంతంతో క్యాన్సర్ మందు: అపోహలు – వాస్తవాలు

నా బల్ల మీద వేలెడంత గాజు సీసా ఒకటి ఉంటుంది. అందులో చిక్కటి డికాక్షన్‌లా కనిపించేది నీటిలో తేలియాడే ఐరన్ ఆక్సైడ్. ఒక్కో కణం సుమారు 150 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు). ఇలాంటి కణాలకు మందు తగిలించి ఒంట్లోకి ఎక్కించాలన్నది ఆలోచన. ల్యాబ్ చూడవచ్చినవారి ముందు సీసాకు అయస్కాంతం ఆనిస్తే, కాసేపట్లో నలుపంతా ఆ గోడకు చేరి నీరు తేటపడుతుంది. “అయితే గడ్డ మీద అయస్కాంతం పెడితే కీమో మందు అక్కడికే పోతుందన్నమాట!” అని వెంటనే తేల్చేస్తారు. అపోహను పుట్టిస్తున్నది నా సీసాయే కాబట్టి, సరిదిద్దే పూచీ కూడా నాదే.

అపోహ: అయస్కాంతం బలమైనదైతే ఒంట్లో ఎక్కడికైనా మందును లాగవచ్చు.

సీసాలో నీరు కదలదు, గోడ మందం ఒక్క మిల్లీమీటరు. అదే ద్రవాన్ని పంపుతో సన్నని గొట్టంలో పారించి, పక్కన అదే అయస్కాంతం పెట్టి చూడండి. చాలావరకు దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. కణాన్ని లాగాలంటే క్షేత్రం బలంగా ఉంటే చాలదు, చోటు మారేకొద్దీ అది ఏటవాలుగా పడిపోతూ ఉండాలి. మామూలు అయస్కాంతం నుంచి నాలుగు వేళ్ల దూరం జరిగితే ఆ వాలు దాదాపు చదునైపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. బయట పెట్టిన అయస్కాంతాల క్షేత్రం ఒంటి మధ్యలో ఎక్కడా గరిష్ఠం కాలేదు, ఎప్పుడూ చర్మం దగ్గరే ఎక్కువ. 1842లో శామ్యూల్ ఎర్న్‌షా నిరూపించిన సిద్ధాంతానికి ఇది దగ్గరి చుట్టం. క్లోమంలోని గడ్డకు గురిపెడితే కణాలు జరిగేది పొట్ట చర్మం వైపే. 1996లో జర్మనీలో ల్యుబ్బే బృందం ఎపిరుబిసిన్ అనే కీమో మందును అయస్కాంత కణాలకు తగిలించి 14 మంది రోగులకు ఇచ్చింది. అయస్కాంతాన్ని గడ్డకు దగ్గరగా పెట్టినా, కణాలను అక్కడికి చేర్చగలిగింది దాదాపు సగం మందిలోనే.

అపోహ: ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకుంటే ఆ పని ఇంకా బాగా జరుగుతుంది.

సొరంగం లోపల క్షేత్రం బలమైనదే, కానీ అంతటా సమానం. వాలు లేదు కాబట్టి లాగుడూ లేదు. ఇనుప వస్తువులు ఎగిరిపడేది సొరంగం నోటి దగ్గర. అయితే 2007లో మాంట్రియల్‌లో సిల్వెయిన్ మార్టెల్ బృందం అదే యంత్రంలో క్షేత్రానికి వాలు కల్పించే గ్రేడియంట్ కాయిళ్లతో, బతికున్న పంది మెడ ధమనిలో 1.5 మిల్లీమీటర్ల పూసను అనుకున్న దారిన నడిపించింది. అద్భుతమే. కానీ లాగే బలం ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. నా సీసాలోని కణం కన్నా ఆ పూస లక్ష కోట్ల రెట్లు పెద్దది!

అపోహ: స్కాన్‌లో మందు మెరుస్తూ కనిపిస్తుంది.

మామూలు ఎంఆర్‌ఐ చిత్రాల్లో ఈ కణాలున్న చోట నల్లటి మచ్చ పడుతుంది. పాత రక్తస్రావమూ నలుపే, గాలి బుడగా నలుపే. అంతకన్నా ముఖ్యమైనది, మావాళ్లే తరచుగా మరిచిపోయేది ఒకటుంది: కనిపించేది ఇనుము, మందు కాదు. మందు దారిలోనే ఊడిపోయి, ఖాళీ కణం గడ్డకు చేరినా చిత్రం అలాగే ఉంటుంది. 2005లో హాంబర్గ్‌లోని ఫిలిప్స్ పరిశోధకులు గ్లైష్, వైత్సెనెకర్ ప్రకటించిన మాగ్నెటిక్ పార్టికల్ ఇమేజింగ్‌లో ఇనుము ఒక్కటే కనిపిస్తుంది, వెనుక ఒంటి చిత్రం అడ్డురాదు. ఇప్పటికి అది ఎక్కువగా ఎలుకల మీదే.

అపోహ: ఒంట్లోకి ఎక్కించిన ఇనుము విషమవుతుంది.

మన ఒంట్లో ఎప్పుడూ మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది. కాలేయం, ప్లీహం ఈ కణాలను మింగి ఆ నిల్వలో కలిపేస్తాయి. ఇదే జాతికి చెందిన ఫెరుమాక్సిటాల్‌ను 2009లో అమెరికా రక్తహీనతకు మందుగానే అనుమతించింది. తీవ్రమైన అలర్జీలు వచ్చినందువల్ల 2015లో గట్టి హెచ్చరిక కూడా చేర్చింది. నన్ను వేధించేది విషం కాదు, కాలేయం ఆకలి. ఎన్నో నానో మందుల ప్రయోగాలను కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో, ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరిన వాటా మధ్యగత విలువ 0.7 శాతం; అంటే సగం ప్రయోగాల్లో అంతకన్నా తక్కువే.

అపోహ: ఇదంతా కాగితాల మీదే, ఆసుపత్రికి ఏమీ రాలేదు.

అయస్కాంతంతో లాగే కీమో రాలేదు, నిజమే. లాగనివి వచ్చాయి. జర్మనీలో తయారైన నానోథెర్మ్ అనే చికిత్సకు మెదడు కణుతుల కోసం 2010లో ఐరోపా అనుమతి లభించింది. కణాలను నేరుగా గడ్డలోకి ఎక్కించి, సెకనుకు లక్ష సార్లు దిశ మారే క్షేత్రంతో వేడిచేస్తారు. పళ్లలోని లోహపు ఫిల్లింగులు ముందే తీయించుకోవాలి. ఆ కణాల నలుపు వల్ల అక్కడ ఎంఆర్‌ఐ పనికిరాక, తరువాత సీటీ స్కాన్‌తో సరిపెట్టుకోవాలి. రొమ్ము క్యాన్సర్ ముందుగా పాకే అవకాశమున్న తొలి లింఫ్ గ్రంథిని గుర్తించే మాగ్‌ట్రేస్ అనే కణాల ద్రవానికి 2018లో అమెరికా అనుమతి వచ్చింది. అందులో కణాలను మోసేది లింఫ్, సర్జన్ చేతిలోని ప్రోబ్ పసిగడుతుంది. సూది వేసిన చోట గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు.

ఇక రక్తంలోని ఇనుమును లాగి మేలు చేస్తాయని చెప్పే అయస్కాంత కంకణాలు. రక్తంలో ఇనుమున్నా, ఆక్సిజన్ నిండిన రక్తాన్ని అయస్కాంతం లాగదు, లవలేశం వికర్షిస్తుంది కూడా. పెట్టుకోవడం మీ ఇష్టం. ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లేముందు మాత్రం తీసి బయట పెట్టండి.