మారుమనస్సు, కృప, పరిశుద్ధత: మన సంఘాల్లో వినిపించే అపోహలు, వాక్యం చెప్పే వాస్తవాలు

పాలమూరు పల్లెల్లో కాపరిగా పరిచర్య చేస్తున్నాను. ఈ నేలకు సువార్త కొత్తది కాదు. ఏబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా నుంచి మన దేశానికి వచ్చి నల్గొండలో పని మొదలుపెట్టారు. తర్వాత మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వారి మిషన్ దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల దాకా పాకింది. తరతరాలుగా వాక్యం వింటున్న కుటుంబాలు మా దగ్గర చాలా ఉన్నాయి. అయినా మారుమనస్సు (పాపం విడిచి దేవుని వైపు తిరగడం), కృప (అర్హత లేకున్నా దేవుడు చూపే దయ), పరిశుద్ధత అనే ఈ మూడు మాటల వరుస మనవాళ్ల మనసుల్లో తారుమారైంది. ముందు మనం మారాలి, పవిత్రంగా ఉండాలి, అప్పుడు దేవుడు కృప చూపిస్తాడు అనుకుంటారు. బైబిల్లో కృపే ముందు. మిగతా రెండూ ఆ కృప మనిషిలో చేసే పని.

అపోహ: సభలో ఏడ్చి ముందుకొస్తే మారుమనస్సు పొందినట్టే.

ఉజ్జీవ సభల్లో ఆఖరి రాత్రి చాలామంది కన్నీళ్లతో ముందుకొస్తారు. ఆ కన్నీళ్లను నేను చులకన చేయను. యేసును ఎరుగనన్న శిష్యుడు పేతురు కూడా వెక్కివెక్కి ఏడ్చాడు. కానీ యేసును డబ్బుకు పట్టించిన యూదా కూడా బాధపడ్డాడు. పాపం చేశానని ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు. అయినా ప్రభువు దగ్గరికి మాత్రం తిరిగి రాలేదు. దైవచిత్తానుసారమైన దుఃఖం వేరు, లోకసంబంధమైన దుఃఖం వేరు అని పౌలు కొరింథీయులకు రాసింది ఇందుకే (2 కొరింథీ 7:10).

జనం బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి "మేమేమి చేయాలి?" అని అడిగినప్పుడు ఆయన ఇంకా గట్టిగా ఏడవమనలేదు. రెండు అంగీలున్నవాణ్ణి ఒకటి లేనివాడికి ఇమ్మన్నాడు. సుంకం వసూలు చేసేవాళ్లను నిర్ణయించిన దానికన్నా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులను జీతంతో తృప్తిపడమన్నాడు. అన్నీ డబ్బుకు, బట్టకు, తోటి మనిషికి సంబంధించినవే.

అన్యాయంగా సొమ్ము తీసుకున్న సుంకపు అధికారి జక్కయ్య సంగతి చూడండి. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్న సొమ్ముకు అయిదో వంతు కలిపి తిరిగివ్వాలి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. అయితే ఆ మాట అతని నోట ఎప్పుడు వచ్చింది? "నేడు నీ ఇంట నేనుండాలి" అని యేసు చెప్పి, ఊరంతా సణుగుతుండగా అతని ఇంటి దారి పట్టాక. ముందు కృప వచ్చింది, ఆ తర్వాత లెక్కలు సరయ్యాయి.

మా దగ్గర కూలీలకు అడ్వాన్సు ఇచ్చి బొంబాయి, పుణె పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీలు సంఘాల్లో కూడా ఉన్నారు. అలాంటివారు బాప్తిస్మం అడిగితే నా మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, ఎవరి లెక్కయినా తెగకుండా ఉందా?" దర్శనాల గురించి, కలల గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

అపోహ: బాప్తిస్మంతో మారుమనస్సు పని అయిపోయింది.

ప్రకటన గ్రంథంలో ప్రభువు ఏడు సంఘాలకు ఉత్తరాలు రాయించి, వాటిలో అయిదింటిని మారుమనస్సు పొందమన్నాడు. వాళ్లంతా అప్పటికే విశ్వాసులు.

అపోహ: ఉపవాసం, కానుక పెరిగితే కృప పెరుగుతుంది. కష్టమొచ్చిందంటే ఎక్కడో పాపముంది.

ఎక్కువమందిని నలిపేస్తున్న అపోహ ఇదే. పిల్లకు జ్వరం తగ్గకపోయినా, పత్తి ఎండిపోయినా "అయ్యగారూ, మొక్కుకున్న కానుక ఇవ్వలేదు, అందుకేనా?" అని తల్లులు అడుగుతారు. కానుక కోసం వడ్డీకి అప్పు తెచ్చినవాళ్లు ఉన్నారు. వేదిక మీద నిలబడి అలా ఆశ పెట్టేవాళ్లు, భయపెట్టేవాళ్లు దేవుని పేరుతో పేదవాణ్ణి దోచుకుంటున్నారని నేను నిస్సంకోచంగా చెబుతాను. "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఎఫెసీ 2:8 చెబుతోంది. వరానికి వెల కట్టకూడదు. ఉపవాసం మంచిదే, మన మనసును దేవుని వైపు నిలుపుతుంది. ఆయన మనసు మార్చడానికి మాత్రం కాదు. ఆయన మనసు మనవైపే ఉంది.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లను చూసినవారికి యోహాను 9వ అధ్యాయం బాగా అర్థమవుతుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు "ఎవడు పాపం చేశాడు, వీడా, వీని కన్నవారా?" అని అడిగారు. వీడూ కాదు, వీని తల్లిదండ్రులూ కాదు అన్నాడు యేసు. ఆ ఎముకలను వంచింది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. అక్కడివాళ్లకు కావలసింది మంచినీళ్లు, వైద్యం. నీ శాపమేమిటో చెప్పు అంటూ తవ్వే ప్రార్థన కాదు. వానయినా అంతే. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా దేవుడు వర్షం కురిపిస్తాడని మత్తయి 5:45 చెబుతుంటే, వాన పడని ఊరిని పాపపు ఊరని ఎలా అంటాం?

అపోహ: కృప ఉంది కదా, ఎలా బతికినా క్షమాపణ దొరుకుతుంది.

కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని ప్రశ్న వేసుకుని, పౌలే "అట్లనరాదు" అన్నాడు (రోమా 6). తీతు 2వ అధ్యాయం ప్రకారం భక్తిహీనతను విడిచిపెట్టమని మనకు బోధించేదే కృప.

ఈ అపోహ ఎక్కువగా ఇళ్లలో ఆడవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. భర్త శనివారం రాత్రి తాగి భార్యను కొట్టి, ఆదివారం పొద్దున "ప్రభువే క్షమించిండు, నువ్వెందుకు క్షమించవు?" అని వాక్యం చేతబట్టుకుని వస్తాడు. ఒకరి భార్యను తీసుకుని, ఆమె భర్తను చంపించిన దావీదు రాజు "నేను పాపము చేసితిని" అనగానే ప్రవక్త నాతాను క్షమాపణ ప్రకటించాడు. కానీ ఆ పాపం వల్ల దావీదు ఇంట్లో జరగబోయేది ఆగదని కూడా అప్పుడే చెప్పాడు (2 సమూయేలు 12). క్షమాపణ దొరికినా పర్యవసానాలు ఉంటాయి. అందుకే అలాంటి అక్కలకు నేను ఒక మాట చెబుతాను: "క్షమించడం వేరు అక్కా, మళ్లీ దెబ్బలు తినడానికి ఆ ఇంటికి పోవడం వేరు." తాగుడు మానిపించే వైద్యం ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది. వాటి దగ్గరికి వెళ్లడం విశ్వాసలోపం కాదు.

అపోహ: పరిశుద్ధత అంటే తెల్లబట్టలు, నగలు తీసేయడం, లోకులకు దూరంగా ఉండడం.

తెల్లచీర కట్టుకునే అమ్మల భక్తిని నేను గౌరవిస్తాను. కానీ "మీరు పరిశుద్ధులై యుండవలెను" అన్న ఆజ్ఞ వచ్చిన లేవీయకాండం 19వ అధ్యాయాన్నే చివరిదాకా చదవండి. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగెను బీదలకు వదలాలి. కూలివాని కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి ముందు అడ్డంకి పెట్టొద్దు. న్యాయమైన త్రాసు, న్యాయమైన గుండ్లు ఉండాలి. పత్తి కాంటా దగ్గర నిలబడే మనకు, తరుగు పేరుతో ఎన్ని కిలోలు పోతాయో తెలిసిన మనకు, ఇంతకన్నా విడమరిచి ఎవరు చెప్పాలి?

దూరంగా ఉండడం గురించి ఇంకొకటి. అంతియొకయ పట్టణంలో పేతురు అన్యజనుల (యూదులు కానివారి) విశ్వాసులతో కలిసి తింటూ, యూదుల్లో కొందరు రాగానే వాళ్లకు భయపడి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందే ఆయన్ను నిలదీశాడు. సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు (గలతీ 2). ఒకే ఊళ్లో కులాన్ని బట్టి రెండు సంఘాలు నడుపుతూ, ఒకరి ఇంట్లో ఒకరు అన్నం ముట్టకుండా, రెండు చోట్లా పరిశుద్ధత మీద ప్రసంగాలు చేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు) ముందు ఆదివారం మేము మత్తయి 5:23-24 చదువుతాం. కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని అక్కడుంది. ఎవరి కూలి బాకీ ఉన్నా, ఎవరితో మాటలు ఆగిపోయినా, ఆ వారంలోనే వాళ్ల ఇంటికి వెళ్లి రమ్మని సంఘానికి చెబుతున్నాను.